వాచ్‌మన్ కునుకు తీసిన షాట్: ఒక స్టూడెంట్ డాక్యుమెంటరీ కేస్ స్టడీ

నలుగురు విద్యార్థులు, ఫైనల్ సెమిస్టర్ ప్రాజెక్టు, 12 నిమిషాల డాక్యుమెంటరీ. విషయం ఒక అపార్ట్‌మెంట్‌లో రాత్రి కాపలా కాసే వాచ్‌మన్. నేను వృత్తిరీత్యా ఎడిటర్‌ని, ఏటా కొన్ని స్టూడెంట్ సినిమాలకు మెంటార్‌గా ఉంటాను. ఈ సినిమాకు అవార్డులు రాలేదు, దీని మీద గొడవలూ జరగలేదు. అయినా రాయడానికి కారణం ఏమిటంటే, టీవీ చానళ్ళు పెద్ద పెద్ద ఫ్యాక్చువల్ (నిజ జీవితం మీద తీసే) కార్యక్రమాల్లో ఇరుక్కునే నైతిక చిక్కుల్లో చాలావరకు ఈ చిన్న సినిమాలోనే ఎదురయ్యాయి. అందులో సగానికి పైగా షూటింగ్‌లో కనపడనే లేదు. ఎడిట్‌కి కూర్చున్నాకే బయటపడ్డాయి. గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను, పేర్లు ఎక్కడా వాడటం లేదు.

జట్టులో ఒకమ్మాయి దర్శకత్వం, ఒకబ్బాయి కెమెరా, ఇంకొకమ్మాయి సౌండ్, నాలుగో అబ్బాయి ఎడిటింగ్. వాళ్ళు తెచ్చిన మొదటి ప్రతిపాదనలో 'నిద్రపోతున్న నగరానికి మేలుకున్న కన్ను' లాంటి వాక్యం ఒకటి ఉంది. ఇలాంటి వాక్యం కనిపిస్తే నేను ఒకటే అడుగుతాను: ఈ మనిషి రాత్రి పదింటి నుంచి తెల్లారేదాకా అసలు ఏం చేస్తాడో మీకు తెలుసా? తెలియదన్నారు. అయితే కెమెరా లేకుండా వెళ్ళి కూర్చోండి అన్నాను. వెళ్ళారు. వాళ్ళు రాసుకొచ్చిన నోట్సులో రెండు విషయాలు నా కంట్లో పడ్డాయి. ఒకటి, ఆయన గంటకోసారి ఫోన్ పట్టుకుని ప్రాంగణం చుట్టూ తిరిగి, గోడలకు అంటించిన కోడ్‌లను స్కాన్ చేస్తాడు. తిరిగాడా లేదా అన్నది ఏజెన్సీ ఆఫీసులో రికార్డవుతుంది. రెండు, ఆయన జీతం ఇచ్చేది అపార్ట్‌మెంట్ వాళ్ళు కాదు, సెక్యూరిటీ ఏజెన్సీ. ఈ రెండో విషయాన్ని పిల్లలు నోట్సులో చివర ఎక్కడో రాశారు. సినిమా మొత్తాన్ని నడిపించింది అదే.

అనుమతి సంగతి చూద్దాం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ సంతోషంగా ఒప్పుకున్నాడు. ఏజెన్సీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాడు, ఆయన వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు. "పిల్లలు వస్తారు, కో-ఆపరేట్ చెయ్యి" అని చెప్పారట. ఆ తర్వాత పిల్లలు వెళ్ళి ఒప్పుకోలు ఫారం ఇస్తే ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు. జట్టు దృష్టిలో పని అయిపోయింది. నా దృష్టిలో ఇంకా మొదలే కాలేదు. పైనుంచి రెండు ఫోన్లు వచ్చాక కింద ఉన్నవాడు పెట్టే సంతకం విలువ ఎంత? కాదనడానికి వీలున్నవాడు ఔనంటేనే అది ఒప్పుకోలు. చోటులో షూట్ చేసుకోవడానికి యాజమాన్యం అనుమతి కావాలి, నిజమే. కానీ అది చోటుకి మాత్రమే వర్తిస్తుంది, అందులో పనిచేసే మనిషికి వర్తించదు.

ఫారం గురించి ఒక మాట. చాలా కాలేజీల్లో వాడే ఈ ఒప్పుకోలు ఫారాలు (రిలీజ్ ఫారాలు) టీవీ కంపెనీల ఫారాలకు నకళ్ళు. 'విశ్వమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్న, ఇకపై కనిపెట్టబోయే అన్ని మాధ్యమాల్లో' హక్కులు రాయించుకుంటాయి. పన్నెండు నిమిషాల స్టూడెంట్ సినిమాకు చంద్రమండలం మీద ప్రదర్శించే హక్కు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ కాగితం కాలేజీని కాపాడుతుంది. వాచ్‌మన్‌ని కాపాడదు.

బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమావళిలో ఈ విషయం మీద ఉన్న భాగాన్ని నేను విద్యార్థులతో చదివిస్తాను. ఏ దేశంలో పనిచేసినా అది పనికొస్తుంది. కార్యక్రమం దేని గురించి, ఎందుకు తీస్తున్నారు, ఎక్కడ చూపిస్తారు, మీ నుంచి ఏం ఆశిస్తున్నారు, ఏ రకం ప్రశ్నలు అడుగుతారు, ఇవన్నీ మనిషికి ముందే చెప్పాలంటుంది. అందులో జనం తరచూ దాటేసే వాక్యం ఇంకొకటి ఉంది: తీస్తూ తీస్తూ కార్యక్రమం స్వభావం మారితే, ఆ మార్పు మొదట ఇచ్చిన ఒప్పుకోలును దెబ్బతీసేదైతే, ఆ సంగతి కూడా చెప్పాలి. అంటే సంతకం ఒకసారి పెడితే సరిపోదు. డాక్యుమెంటరీల్లో స్వభావం మారనిది దాదాపు ఉండదు కాబట్టి, ఈ వాక్యం మీదే సగం కథ నడుస్తుంది.

జట్టు మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆయన డ్యూటీలో లేని టైములో, అపార్ట్‌మెంట్ బయట కలిశారు. ఫారంలోని విషయాలు వాడుక మాటల్లో చెప్పి, ఆ చెప్పడాన్ని ఆడియోలో రికార్డు చేశారు. 'వద్దంటే సెక్రటరీగారికి మేమే ఏదో ఒకటి చెప్పుకుంటాం, మీ పేరు రానివ్వం' అని దర్శకురాలు అంది. ఆయన కాసేపు ఆలోచించి, "తియ్యండమ్మా, కానీ మా సూపర్‌వైజర్ గురించి నన్నేమీ అడగొద్దు" అన్నాడు. ఇది అసలైన ఒప్పుకోలు. మొదటి సంతకంలో లేని హద్దు ఇందులో ఉంది.

షూటింగ్ మొదలయ్యాక వచ్చిన సమస్యలు చాలావరకు చోటుకి, వెలుతురుకి సంబంధించినవే. గేటు పక్కన ఆయన గది ఒక కుర్చీ, ఒక బల్ల పట్టేంత. ట్రైపాడ్ నిలబెడితే మనిషి పట్టడు. ట్యూబ్‌లైట్ కింద తీస్తే చారలు కదులుతున్నాయి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెడితే అది పోతుంది, పెట్టారు, పోయింది. గది చిన్నదన్న సమస్యకి మాత్రం కెమెరా అబ్బాయి ఒక ఉపాయం చెప్పాడు: కుర్చీ, బల్ల, రేడియో తెచ్చి సెల్లార్‌లో ఖాళీగా ఉన్న మూలలో పెడదాం, గదిలాగే ఉంటుంది, లైటు కూడా పెట్టుకోవచ్చు. అలాగే వాచ్‌మన్ చేతికి ఒక కర్ర, ఈల ఇస్తే చూడగానే వాచ్‌మన్‌లా ఉంటాడని కూడా అన్నాడు.

అప్పుడు కెనడా మంచు ప్రాంతంలోని ఇన్యుయిట్ వేటగాడి కుటుంబం మీద రాబర్ట్ ఫ్లాహర్టీ 1922లో తీసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' డాక్యుమెంటరీ కథ చెప్పాను. ఇగ్లూలో, అంటే మంచు ఇంట్లో, కెమెరా పట్టదని, వెలుతురు చాలదని, ఒక పక్క తెరిచి ఉంచిన పెద్ద ఇగ్లూ కట్టించి అందులో కుటుంబం నిద్రలేచే దృశ్యం తీశాడు. అప్పటికే తుపాకులు వాడుతున్న వేటగాళ్ళ చేత పాత పద్ధతిలో బల్లెంతో వేటాడించాడు. నానూక్ అన్నది ఆ నటుడి అసలు పేరు కూడా కాదు, ఆయన పేరు అల్లాకరియల్లాక్. ఇగ్లూ, బల్లెం, ఈ రెండిటినీ విద్యార్థులు ఒకే తప్పుగా చూస్తారు. నేను చూడను. తెరిచిన ఇగ్లూ కెమెరా కోసం చేసిన సర్దుబాటు, అందులో జరిగే పని ఆ మనుషులు రోజూ చేసేదే. బల్లెం అలా కాదు. ప్రేక్షకుడు ఆ మనుషుల జీవితం గురించి ఏం నమ్ముతాడో దాన్ని అది మార్చేసింది.

ఈ తేడా పట్టుకున్నాక జట్టుకు సొంతంగానే దారి దొరికింది. కర్ర, ఈల మానేశారు, ఫోన్‌తో కోడ్ స్కాన్ చేసే పనినే తీశారు. నిజానికి అది కర్ర కంటే చాలా బావుంది. చీకట్లో గోడ దగ్గర ఆగి, ఫోన్ ఎత్తి, 'బీప్' అన్న తర్వాతే ముందుకు కదిలే మనిషి. ఇక్కడ కాపలా కాసేవాడికే కాపలా ఉందన్న సంగతి ఏ వ్యాఖ్యానం లేకుండా అర్థమవుతుంది. ఆ రౌండ్‌ని ఆయన చేత రెండోసారి నడిపించి, వేరే కోణం నుంచి తీశారు. దానికి నేను అభ్యంతరం చెప్పలేదు. ఆ పని ఆయన రోజూ చేస్తాడు, అదే దారిలో, అదే ఫోన్‌తో. గదిని మాత్రం కదిలించలేదు. తలుపు బయట నిలబడి, చిన్న లెన్సుతో, ఇరుకుగానే తీశారు. ఆ ఇరుకే కదా చూపించాల్సింది.

సీసీటీవీ మానిటర్ షాట్లు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తెర మీద నివాసులు కనిపిస్తారు, వాళ్ళెవరూ ఏమీ ఒప్పుకోలేదు. ఎవరు ఎన్నింటికి ఇంటికొచ్చారో సినిమాలో రికార్డవుతుంది. మొహాలు, బండి నంబర్లు, ఫ్లాట్ నంబర్లు బ్లర్ చేశారు. ఒక చిన్నపిల్ల ఆయనతో మాట్లాడే షాట్ ఒకటి ఉంది, ముచ్చటగా ఉంది. తల్లిదండ్రులని అడిగారు, తల్లి సరే అంది, తండ్రి వద్దన్నాడు. తీసేశారు.

కాలర్ మైక్ దగ్గర కథ మలుపు తిరిగింది. ఒక రాత్రి కెమెరా బ్యాటరీ మార్చే విరామంలో వాచ్‌మన్‌కి ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన నాలుగడుగులు పక్కకి వెళ్ళి మాట్లాడాడు. మైక్ ట్రాన్స్‌మిటర్ ఆయన నడుముకే ఉంది, రికార్డర్ తిరుగుతూనే ఉంది. తమ్ముడితో ఆస్తి తగాదా. గొంతు తగ్గించి, బతిమాలి, చివరికి కోపంగా ఫోన్ పెట్టేశాడు. సౌండ్ అమ్మాయి హెడ్‌ఫోన్స్‌లో అదంతా వింది. మర్నాడు లాగ్ షీట్‌లో ఆ క్లిప్ ఎదురుగా 'వాడొద్దు' అని రాసింది. ఎడిటర్ అబ్బాయి మాత్రం విన్నాడు, విని ఊరుకోలేకపోయాడు.

అతని వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. సినిమా అంతటా ఆయన కొత్తవాళ్ళతో మాట్లాడుతున్నట్టే మాట్లాడుతున్నాడు. మొదటిసారి ఒక మనిషి వినిపించింది ఆ ఫోన్‌లోనే. ఫారంలో 'షూటింగ్ సమయంలో రికార్డయిన ధ్వని, దృశ్యం' అని స్పష్టంగా ఉంది. చట్టప్రకారం ఇబ్బంది లేదు కదా సార్, అన్నాడు. చట్టం సంగతి పక్కన పెడితే, ఆ సంభాషణలో ఇద్దరు మనుషులున్నారు. అవతలి మనిషికి ఒక షూటింగ్ జరుగుతోందని కూడా తెలియదు. ఆయన మాటలు రికార్డులో వినపడకపోయినా, ఆయన గురించి ఇవతల ఏమన్నారో వినపడుతుంది. ఊళ్ళో చూసినవాళ్ళకి ఎవరో ఇట్టే అర్థమవుతుంది. ఇక వాచ్‌మన్ పక్కకి నడిచి వెళ్ళాడు, గొంతు తగ్గించాడు. ఇవి రెండూ మైక్ గురించి మరిచిపోయిన మనిషి ఇచ్చిన జవాబే. ఆయన్ని అడిగి వాడదామా అన్న ప్రశ్న కూడా వచ్చింది. దర్శకురాలు దానికి ఒప్పుకోలేదు. అడిగితే 'మీ ఫోన్ విన్నాం' అని చెప్పాలి, ఆ తర్వాత ఆయన మన ముందు మామూలుగా ఉండగలడా, అంది. అయినా చెప్పాలన్నది నా అభిప్రాయం, చెప్పారు కూడా. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అది ఔనో కాదో తెలియలేదు, కాబట్టి కాదనే లెక్క. అప్పటి నుంచి విరామంలో సౌండ్ అమ్మాయి ట్రాన్స్‌మిటర్ ఆపేసేది, మళ్ళీ మొదలుపెట్టేముందు 'మైక్ ఆన్ చేస్తున్నానండీ' అని పైకి చెప్పేది.

ఇప్పుడు అసలు షాట్. మూడున్నర ప్రాంతంలో, కుర్చీలో, తల గోడకి ఆనించి, నోరు కొంచెం తెరిచి, ఆయన నిద్రపోతున్నాడు. ముందు బల్ల మీద ఫోన్ వెలుగుతోంది, రౌండ్ టైమైందని గుర్తుచేస్తోంది. వెలుగు ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది. కెమెరా అబ్బాయి శ్వాస బిగబట్టి తీశాడు. ఫ్రేమింగ్, వెలుతురు, కాలం, అన్నీ కుదిరిన షాట్. ఇన్నేళ్ళలో స్టూడెంట్ రషెస్‌లో (ఎడిట్ చేయని ముడి ఫుటేజీలో) ఇంత మంచి షాట్ నేను చూసింది తక్కువ. దాన్ని వాడితే ఆయన ఉద్యోగం పోవచ్చు.

క్లాసులో దీని మీద చాలా వాదన జరిగింది. మొహం బ్లర్ చేద్దాం అన్నారు. సినిమా మొత్తం ఒకే మనిషి గురించి అయినప్పుడు ఒక్క షాట్‌లో మొహం దాచితే ఎవరికి దాచినట్టు? ఏజెన్సీ వాళ్ళు ఈ సినిమా చూడరు కదా అన్నారు. అసోసియేషన్ సెక్రటరీ చూస్తానని ముందే చెప్పాడు, చూస్తే సూపర్‌వైజర్‌కి చెప్పకుండా ఉంటాడా? ఇంతలో దర్శకురాలు ఒక సంగతి చెప్పింది. ఆ రోజు పగటి డ్యూటీ వాచ్‌మన్ రాలేదు. ఈయనే పగలంతా చేసి, రాత్రి కూడా చేశాడు. ఆ షాట్ తీసేనాటికి దాదాపు 20 గంటల నుంచి గేటు దగ్గరే ఉన్నాడు.

ఇక్కడ ముడి బిగుసుకుంది. డబుల్ డ్యూటీ సంగతి చెప్పకుండా నిద్ర చూపిస్తే ప్రేక్షకుడు ఒక బద్ధకస్తుణ్ణి చూస్తాడు, అది అబద్ధం. డబుల్ డ్యూటీ సంగతి చెబితే అది ఏజెన్సీ మీద ఆరోపణ అవుతుంది. ఎవరి మీదైనా ఆరోపణ చేస్తే వాళ్ళకి జవాబు చెప్పుకునే అవకాశం, తగినంత టైము ఇవ్వాలన్నది ఫ్యాక్చువల్ ప్రోగ్రామింగ్‌లో పునాది సూత్రం, ఆఫ్‌కామ్ నియమావళిలోనూ ఉంది. ఏజెన్సీని అడగాలంటే ఏ రోజు, ఏ గేటు, ఎవరు అన్నవి చెప్పాలి. చెబితే వాచ్‌మన్ దొరికిపోతాడు. పైగా 'సూపర్‌వైజర్ గురించి నన్నేమీ అడగొద్దు' అని ఆయన పెట్టిన హద్దు ఒకటుంది. ఆయన్ని అడగకపోయినా, ఆయన నోటితో చెప్పించకపోయినా, ఆ ఆరోపణ ఆయన పేరు మీదే పడుతుంది. ప్రతివాదికి న్యాయం చేస్తే బాధితుడు నష్టపోతాడు, బాధితుణ్ణి కాపాడదామంటే ప్రతివాదికి అన్యాయం. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు సూత్రాలూ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. ఒకే షాట్‌లో ఎదురెదురు వస్తాయని రాసి ఉండదు.

జట్టు కనిపెట్టిన పరిష్కారం నాకు తట్టలేదు. సూపర్‌వైజర్‌ని విడిగా ఇంటర్వ్యూ చేశారు. సినిమా రాత్రి డ్యూటీ గురించి, షిఫ్టులు ఎలా మారతాయన్నది కూడా ఉంటుందని ముందే చెప్పారు, దాచింది ఏమీ లేదు. డ్యూటీ చార్టు ఎలా వేస్తారు, రౌండ్లు ఎలా చెక్ చేస్తారు, ఇలాంటివన్నీ అడిగి, 'రావాల్సిన మనిషి రాకపోతే ఏం చేస్తారు సార్?' అని అడిగారు. ఆయన చాలా మామూలుగా, "ఏముంది, ఉన్నవాడే కంటిన్యూ చేస్తాడు" అన్నాడు. అది ఆయన దృష్టిలో రహస్యం కాదు, అలవాటు. వ్యవస్థ గురించి చెప్పాల్సిన మాటని వ్యవస్థే చెప్పింది, ఏ ఒక్క వాచ్‌మన్ మీదా అనుమానం రాకుండా. తర్వాత ఆ వాక్యాన్ని వాడుతున్నామని ఆయనకి చెప్పారు, వాడుకోండి అన్నాడు.

నిద్ర షాట్ తీసేశారు. దాని బదులు ఆయన కుళాయి దగ్గర మొహం కడుక్కునే షాట్ పెట్టారు. అదీ ఆ రాత్రిదే. సూపర్‌వైజర్ మాట అయ్యీ కాగానే నీళ్ళ చప్పుడు. అంత గొప్పగా లేదు, కానీ అబద్ధం లేదు.

ఎడిట్ గురించి చెప్పాలి. సినిమా ఒకే రాత్రిలో జరిగినట్టు నడుస్తుంది, సాయంత్రం గేటు దగ్గర హ్యాండోవర్‌తో మొదలై తెల్లవారుజాముతో ముగుస్తుంది. ఫుటేజీ మాత్రం వేర్వేరు రాత్రులది. ఇది మోసమా? 1996లో బ్రిటన్‌లో కార్ల్‌టన్ కంపెనీ తీసిన 'ది కనెక్షన్' అనే డాక్యుమెంటరీ మాదకద్రవ్యాల రవాణాను కళ్ళకు కట్టినట్టు చూపించింది. ఒకే ప్రయాణంగా చూపించినది నిజానికి విడివిడిగా తీసిన ముక్కలని, కీలకమైన దృశ్యాలు కల్పితమని 1998లో గార్డియన్ పత్రిక బయటపెట్టింది. అప్పటి బ్రిటన్ టీవీ నియంత్రణ సంస్థ ఇండిపెండెంట్ టెలివిజన్ కమిషన్ 20 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఎడిటర్ అబ్బాయి దీన్ని చదివి టెన్షన్ పడిపోయాడు, మనదీ అంతేనా అని. అంతే కాదు. అక్కడ ఆ ప్రయాణం జరిగిందా లేదా అన్నదే రుజువు, ప్రేక్షకుడు దాన్ని సాక్ష్యంగా చూశాడు. మన సినిమాలో ఒక రాత్రి అంటే ప్రతి రాత్రీ అన్నట్టు. ఏ రాత్రి జరిగింది అన్నదాని మీద ఏ ఆరోపణా ఆధారపడలేదు. ఇక్కడే ఒక మినహాయింపు పెట్టుకున్నాం: సూపర్‌వైజర్ మాటకు పక్కన వేసే షాట్ మాత్రం నిజంగా డబుల్ డ్యూటీ రాత్రిదే ఉండాలి. కుళాయి షాట్‌ని అందుకే ఎంచుకున్నారు. ఇంకో రాత్రి తీసిన కుళాయి షాట్ వెలుతురులో ఇంకా బాగుంది, వాడలేదు.

షాట్ల వరుస మార్చడంలోనూ ఇదే లెక్క. 2007లో బీబీసీ ఒక డాక్యుమెంటరీ గురించి విలేకరులకి చూపించిన ప్రచార క్లిప్‌లో ఎలిజబెత్ రాణి ఫొటో షూట్ నుంచి కోపంగా వెళ్ళిపోతున్నట్టు కనిపించింది. నిజానికి ఆ నడక షాట్ ఫొటో షూట్‌కి వెళ్తున్నప్పటిది. అందులో ఏ ఫ్రేమూ అబద్ధం కాదు, ఏ మాటా కల్పితం కాదు. ముందూ వెనకా అయ్యాయి, అంతే. బీబీసీ వన్ చానల్ అధిపతి (కంట్రోలర్) రాజీనామా చేయాల్సి వచ్చింది. మా ఎడిటర్ మొదటి కట్‌లో ఒక నివాసి కారు గేటు లోపలికొచ్చాక వాచ్‌మన్ మొహం ముడుచుకున్న షాట్ పెట్టాడు. ఆయన మొహం అలా ముడుచుకున్నది అసలు ఉదయం షిఫ్టు మారేటప్పుడు, ఎండ కళ్ళల్లో పడి. 'ఎఫెక్ట్ బావుంది సార్' అన్నాడు. బావుందన్నది నిజమే. ఒక్క కట్‌తో ఆయన నివాసుల్ని అసహ్యించుకునే మనిషైపోయాడు. ఆయన ఫుటేజీకి ఒప్పుకున్నాడు, ఈ కోపానికి ఎప్పుడు ఒప్పుకున్నాడు?

కృత్రిమ మేధ ప్రస్తావన కూడా వచ్చింది. ఒక ముఖ్యమైన వాక్యంలో ఒక మాట లిఫ్ట్ చప్పుడులో కొట్టుకుపోయింది. ఆయన గొంతు శాంపిల్‌తో ఆ ఒక్క మాటని తయారుచేసే టూల్ ఉందని ఎడిటర్ చూపించాడు. ఆయన అన్న మాటే కదా అన్నాడు. 2021లో వంటవాడు, టీవీ ప్రయోక్త ఆంథొనీ బోర్డేన్ మీద వచ్చిన 'రోడ్‌రన్నర్'లో, ఆయన చనిపోయాక, ఆయన రాసిన ఒక ఈమెయిల్‌ని ఆయన గొంతును పోలిన కృత్రిమ గొంతుతో చదివించారు. మాటలు ఆయనవే. ప్రేక్షకులకి మాత్రం ఎక్కడా చెప్పలేదు. దర్శకుడు ఒక ఇంటర్వ్యూలో బయటపెట్టాక పెద్ద విమర్శ వచ్చింది. మేం సబ్‌టైటిల్ వేశాం. చప్పుడు చప్పుడులాగే ఉంది. చెప్పాలంటే ఇందులో వాదించడానికి పెద్దగా ఏమీ లేదు, ఒక వరుస అక్షరాలతో అయిపోయేదానికి ఎందుకంత ఆర్భాటం.

రఫ్ కట్‌ని (ఇంకా ఖరారు కాని ఎడిట్‌ని) వాచ్‌మన్‌కి చూపించాలా వద్దా? పాత్రికేయ నేపథ్యం ఉన్నవాళ్ళు వద్దంటారు, సంపాదకీయ స్వేచ్ఛ పోతుందని. రాజకీయ నాయకుడి మీదో, కంపెనీ మీదో తీసిన సినిమా అయితే నేనూ వద్దనే అంటాను. అధికారం ఉన్నవాడికి ముందుగా చూపిస్తే అతనికి వీటో ఇచ్చినట్టే. వాచ్‌మన్ విషయంలో అధికారం మన దగ్గరే ఉంది, కాబట్టి చూపించాలి. 1961లో ఝాఁ రూష్, ఎడ్గార్ మొరాఁ తీసిన 'క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్' చివర్లో సినిమాలో ఉన్నవాళ్ళే కూర్చుని తమ ఫుటేజీ చూసి వాదించుకుంటారు. కొందరికి అది నిజం అనిపించలేదు, కొందరికి మరీ విప్పి చూపించినట్టనిపించింది. ఆ వాదననే సినిమాలో పెట్టేశారు. మేం అంత దూరం పోలేదు. కానీ చూపించేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకున్నారు: పనిచేసే చోట కాకుండా బయట చూపించారు, ఏవి మార్చగలం, ఏవి మార్చలేం అన్నది ముందే చెప్పారు. ఆయన గురించి ఏదైనా తీసెయ్యమంటే తీసేస్తాం. సూపర్‌వైజర్ ఇంటర్వ్యూ గురించి ఆయన చెప్పినా మార్చం, అది ఆయనది కాదు.

నిద్ర షాట్‌ని విడిగా చూపించి, ఇది వాడటం లేదని చెప్పారు. ఆయన చూసి నవ్వాడు. "పెట్టుకోండి బాబూ, ఏం కాదు. నిద్ర రాదా మనిషికి" అన్నాడు. ఎడిటర్ అబ్బాయి నా వంక చూశాడు. ఒప్పుకున్నాడుగా అని దాని అర్థం. దర్శకురాలు మాత్రం ఆయనకి విడమరిచి చెప్పింది: సెక్రటరీగారు చూస్తారు, మీ ఆఫీసుకి తెలియొచ్చు. ఆయన కొంచెం ఆగి, "అయితే మీ ఇష్టం" అన్నాడు. మీ ఇష్టం అంటే బరువు మనమే మోయాలి. తీసేసే ఉంచారు. ఒక మనిషి తన కోసం తాను తీసుకోవాల్సిన నిర్ణయాన్ని మనం తీసుకోవడం అహంకారం కాదా అన్న ప్రశ్న ఇక్కడ న్యాయమైనదే. ఆయన రెండోసారి కూడా పెట్టుకోండి అని ఉంటే నేను ఏం చెప్పేవాణ్ణో, బహుశా పెట్టమనే చెప్పేవాణ్ణి.

ఆ తర్వాతే ఎవరూ ఊహించనిది వచ్చింది. సినిమా మొదటి నిమిషంలో కార్లు లోపలికొస్తుంటే ఆయన సెల్యూట్ కొట్టే షాట్లు నాలుగు వరుసగా ఉంటాయి. కాస్త సరదా సంగీతంతో. అందరూ నవ్వే చోటు, అందులో నైతిక సమస్య ఉంటుందని నాకు గానీ, జట్టుకు గానీ, క్లాసులో ఎవరికీ గానీ అనిపించలేదు. ఆయన లేచి వెళ్ళబోతూ, "అమ్మా, ఆ సెల్యూట్ కొట్టేది తీసెయ్యగలరా? మా అమ్మాయి చూస్తుంది" అన్నాడు. ఉద్యోగం పోగొట్టే షాట్‌కి సరే అన్న మనిషి, నవ్వొచ్చే షాట్‌కి వద్దన్నాడు. కూతురికి ఆయన వాచ్‌మన్ అని తెలుసు, నిద్ర ఆపుకోవడం కష్టమనీ తెలుసు. సెల్యూట్ కొట్టడం మాత్రం చూడలేదు.

నాలుగు సెల్యూట్లూ పోయాయి. సంగీతమూ పోయింది, ఎందుకంటే అది ఆ నవ్వు కోసమే ఉంది. సినిమా మొదలు మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది, నిడివి 11 నిమిషాలకి తగ్గింది. హాని ఎక్కడుందో తీసేవాళ్ళు ఊహించి తీసేసుకుంటే సరిపోదని ఈ కేసులో నాకు గట్టిగా అనిపించింది ఇక్కడే. మన ఊహలో హాని అంటే ఉద్యోగం, డబ్బు, కేసు. ఆయన లెక్కలో పరువు ముందుంది. షాట్ షాట్‌కీ అడిగి ఉండకపోతే మనకి తెలిసే మార్గమే లేదు.

డబ్బు గురించి క్లుప్తంగా. ఇంటర్వ్యూకి డబ్బిస్తే మాటలు మారతాయని ఒక వాదన, ఇవ్వకపోతే మనం గంటలకొద్దీ ఉచితంగా వాడుకున్నట్టని ఇంకో వాదన. రెండిట్లోనూ నిజముంది. ఇద్దరు బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళ మీద వచ్చిన 1994 నాటి అమెరికన్ డాక్యుమెంటరీ 'హూప్ డ్రీమ్స్' తీసినవాళ్ళు వచ్చిన ఆదాయంలో ఆ ఇద్దరు కుర్రాళ్ళ కుటుంబాలకి వాటా ఇచ్చారు. 2002లో నికొలా ఫిలిబేర్ ఒక పల్లెటూరి బడి మీద తీసిన ఫ్రెంచి డాక్యుమెంటరీ బాగా ఆడాక, అందులోని ఉపాధ్యాయుడు తనకీ వాటా కావాలని కోర్టుకెళ్ళాడు, ఫ్రెంచి కోర్టులు ఒప్పుకోలేదు. మా దగ్గర ఆదాయమే లేదు కాబట్టి ప్రశ్న చిన్నది. మాట్లాడినందుకు డబ్బివ్వలేదు, డ్యూటీ లేని టైములో పిలిపించుకున్నప్పుడు దారి ఖర్చులు ఇచ్చారు. మొదటి ఒప్పందంలోనే ఒక వాక్యం రాసుకున్నారు, ఎప్పుడైనా డబ్బొస్తే ఆయనకి వాటా అని.

ప్రదర్శన క్యాంపస్‌లో జరిగింది. వాచ్‌మన్ వచ్చాడు, ప్రశ్నలప్పుడు మాట్లాడనన్నాడు, మాట్లాడించలేదు. ఫెస్టివల్స్‌కి పంపడానికి ఒప్పుకున్నాడు. ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు, ఊళ్ళో అందరి ఫోన్లలో తిరుగుతుందని. అందుకని ఉద్యోగాల కోసం పంపే పోర్ట్‌ఫోలియోల్లో పాస్‌వర్డ్ ఉన్న లింక్ వాడుతున్నారు. కెమెరా అబ్బాయికి ఇది నచ్చలేదు, ఉద్యోగమిచ్చేవాళ్ళు పాస్‌వర్డ్ కొట్టి చూసేంత ఓపిక చూపరు అంటాడు, అందులో తప్పేమీ లేదు.

మిగిలింది రషెస్. ప్రాజెక్టు హార్డ్ డిస్కులు కాలేజీ ఆర్కైవ్‌కి వెళ్తాయి, వచ్చే ఏడాది జూనియర్లు వాటిని తెరిచి చూస్తారు. ఫోన్ సంభాషణ ఉన్న ఆడియో ఫైలు, నిద్ర షాట్ రెండూ అందులో ఉన్నాయి. సినిమాలో వాడలేదన్నది ఫైలు ఎక్కడుందో దాన్ని మార్చదు. ఆడియో ఫైలుని అన్ని కాపీల నుంచీ తీసేశారు, తీసేసినట్టు లాగ్ షీట్‌లో రాశారు. నిద్ర షాట్ విషయంలో మాత్రం ఎడిటర్ అబ్బాయి ఒప్పుకోలేదు. ఆయన ఆ ఉద్యోగం మానేసిన రోజున ఆయన్నే అడిగి వాడొచ్చు కదా అన్నాడు. ఆ మాట సబబుగానే ఉంది. డిస్కు ప్రస్తుతం దర్శకురాలి దగ్గర ఉంది, ఆర్కైవ్ కాపీలో ఆ క్లిప్ లేదు.